నలుపులో ఎన్ని నలుపులో

క్రాస్బీ, స్టిల్స్, నాష్ అని ముగ్గురు కలిసి పాడిన ఇంగ్లీషు పాటల బృందం పేరు మీలో కొందరు వినే ఉంటారు. నలుపు తెలుపు ఫొటోలను ప్రింటర్‌లో తీసే సంగతి రాస్తూ పాటగాళ్లెందుకు వచ్చారా అనుకోకండి. ఆ ముగ్గురిలో గ్రహం నాష్ దగ్గరే ఈ కథ మొదలవుతుంది.

ఇంగ్లండులోని సాల్ఫర్డ్‌లో వాళ్లది పేద కుటుంబం. తండ్రికి ఫొటోలంటే ప్రాణం. కొడుకు పడగ్గదిలో కిటికీకి దుప్పటి కట్టి చీకటిగది చేసి, తెల్లకాగితం మీద బొమ్మ మెల్లగా తేలి రావడం చూపించాడట. తర్వాత ఆ తండ్రి స్నేహితుడి దగ్గర కొన్న కెమెరా దొంగసొత్తని తేలింది. అమ్మినవాడి పేరు చెప్పకుండా తనే జైలుకు వెళ్లాడు. ఆ ఇంటి పిల్లవాడికి ఫొటో అంటే ఎంత గురి కుదిరి ఉంటుందో మనకు వేరే చెప్పాలా?

పెద్దయ్యాక నాష్ తీసిన ఫొటోల నెగెటివ్‌లు పోయాయి. చిన్నచిన్న బొమ్మలున్న కాంటాక్ట్ షీట్లు మిగిలాయి. వాటిని స్కాన్ చేసి గోడకు పెట్టేంత పెద్దవిగా తీయడానికి ఐరిస్ 3047 అనే యంత్రం దొరికింది. అది నిజానికి అచ్చుపనివాళ్లు రంగుల నమూనా చూసుకోవడానికి చేసినది. ఖరీదు 1,26,000 డాలర్లు! దాన్ని కొని, స్నేహితుడు మాక్ హోల్‌బర్ట్‌తో కలిసి 1991లో కాలిఫోర్నియాలో నాష్ ఎడిషన్స్ తెరిచాడు. ఇప్పుడా యంత్రం అమెరికాలో స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉంది.

చిక్కంతా సిరాతోనే. ఐరిస్‌ది నీళ్లలో కరిగిపోయే రంగు, అంటే డై. మన కొత్త చీర ఎండలో ఆరేస్తే వెలిసినట్టే అదీ వెలిసేది. పైగా ఇంక్‌జెట్ యంత్రానికి బూడిదరంగు రాదు. చుక్క వేయడం, వేయకపోవడం, అంతే తెలుసు. ఒక్క నల్లసిరాతో తీస్తే బుగ్గల మీద, నుదుటి మీద గసగసాలు చల్లినట్టు చుక్కలు కనిపిస్తాయి. అది కనబడకుండా నీలం, ఎరుపు, పసుపు కలిపి బూడిదరంగు పుట్టిస్తే ఇంకో తంటా: దీపం మారితే రంగు మారుతుంది.

ఈ తంటా నేను కళ్లారా చూశాను. మా అమ్మమ్మది ఒక్కటే ఫొటో ఉంది. దాన్ని పెద్దది చేయించి తెస్తే, ట్యూబ్‌లైటు కింద ముఖం పసరు పూసినట్టుంది, కిటికీ దగ్గర గులాబీ రంగుకు తిరిగింది. మా పెద్దమ్మ చూసి, "మా అమ్మకు కామెర్లెప్పుడు వచ్చాయే?" అంది. మా అమ్మ ఏమీ అనలేదు, బోర్లించి పెట్టింది. అక్కడినుంచే ఈ సిరాల చరిత్ర వెతకడం మొదలుపెట్టాను.

అమెరికాలో వెర్మాంట్‌కు చెందిన జాన్ కోన్ అనే అచ్చు కళాకారుడు 2000లో పీజోగ్రఫీ తెచ్చాడు. ఉపాయం మన వంటింటి బుద్ధే. చిక్కటి పులుసును నీళ్లు పోసి పల్చన చేసినట్టు, నలుపునే పలచబరిచి రకరకాల బూడిదరంగులు చేసి, ఎప్సన్ ప్రింటర్లలో రంగు సిరాలుండే చోట వాటిని నింపాడు. చుక్కలు మాయం! 2005లో ఎప్సన్ కంపెనీ తనే ఆర్ 2400 ప్రింటర్‌లో నలుపు, లేత నలుపు, ఇంకా లేత నలుపు అని మూడు పెట్టి, నలుపు తెలుపు ఫొటోలకు ప్రత్యేక పద్ధతి ఇచ్చింది.

కోన్ సిరాలో ముఖ్యమైన సరుకు కార్బన్. అంటే మసే! ఆముదం దీపం మీద ఇత్తడి పళ్లెం బోర్లించి పట్టే కాటుక ఆ జాతిదే. తాటాకు మీద గంటంతో గీసి, అక్షరం కనబడడానికి రుద్దిందీ మసే. వెలుతురు దాన్నేమీ చేయలేదు, అందుకే తాళపత్రాల్లో అక్షరం ఇంకా నల్లగా ఉంది.

అయితే వట్టి కార్బన్ కాగితం మీద కాస్త గోధుమ ఛాయ కొడుతుంది. దాన్ని నిఖార్సయిన బూడిదరంగుకు తేవాలంటే కొంచెం నీలం లాంటి రంగు కలపాలి. ఆ కలిపిన రంగు కార్బన్ కంటే ముందే వెలుస్తుంది. నన్నడిగితే, పెద్దవాళ్ల పాత ఫొటోలకు ఆ గోధుమ ఛాయే నిండుగా ఉంటుంది. మంచు కొండల ఫొటోలకైతే బాగుండదేమో!

ఇంట్లో చేద్దామనుకునేవారికి ఒక మాట. నల్లసిరాలు నింపిన ప్రింటర్ ఇక రంగులకు పనికిరాదు, దాన్ని విడిగా ఉంచాలి. వారం పది రోజులకోసారైనా ఒక కాగితం తీయకపోతే సిరా అడుగుకు దిగి, సన్నటి రంధ్రాలు పూడుకుపోతాయి. పిల్లల ప్రాజెక్టులకు వాడే ఇంక్ ట్యాంక్ ప్రింటర్లలో చాలావాటికి పిగ్మెంట్ నలుపు మామూలు కాగితానికే. నిగనిగలాడే ఫొటో కాగితం పెడితే మూడు రంగులూ కలిపే నలుపు వేస్తాయి.

నేను ప్రింటర్ కొనలేదు. సిరా పిగ్మెంటా డైయా, బూడిదరంగులు విడిగా ఉన్నాయా అని నాలుగు చోట్ల అడిగాను. మూడుచోట్ల నావైపు వింతగా చూశారు. నాలుగోచోట అబ్బాయి మూడు నలుపులున్న యంత్రం చూపించి, నిగనిగలు లేని నూలు కాగితం మీద చిన్న ముక్క తీసిచ్చాడు. వీధిలోకి తెచ్చి ఎండలో చూశాను, మళ్లీ లోపల లైటు కింద చూశాను. అమ్మమ్మ రెండుచోట్లా ఒకేలా ఉంది.