బనగానపల్లె: నేల, నవాబులు, జనం

ఈ ఏటి సావనీరుకు మన ఊరి చరిత్ర మీద ఏదైనా రాసి ఇమ్మని సంఘం కార్యదర్శి గారు అడిగినప్పుడు, "ఉర్దూలో అయితే రేపే ఇస్తాను, తెలుగులో అంటే కొంచెం వ్యవధి కావాలి" అన్నాను. ఆయన నవ్వి, "మాస్టారూ, ఉర్దూలో వేస్తే ఎంతమంది చదువుతారు?" అన్నారు. ఆ మాట గుచ్చుకుంది గానీ కాదనలేకపోయాను. మన సభ్యుల్లో దూదేకుల కుటుంబాల వారు ఇళ్లల్లో మాట్లాడేది తెలుగే. దక్కనీ మాట్లాడే ఇళ్లల్లో కూడా పిల్లలు చాలామంది ఇంగ్లీషు మీడియానికి పోతున్నారు. అందుచేత తెలుగులోనే రాస్తున్నాను. ఉర్దూ మీడియంలో పాఠాలు చెప్పే వాణ్ణి, భాషలో దోషాలుంటే పెద్దలు మన్నించాలి.

మొన్న ఎండాకాలం సెలవులకు ముందు ఏడో తరగతి పిల్లవాడొకడు నన్ను ఒక ప్రశ్న అడిగాడు. "సార్, మామిడిపండు పేరు మన ఊరికి పెట్టారా, మన ఊరి పేరు మామిడిపండుకు పెట్టారా?" క్లాసంతా నవ్వింది. నేను నవ్వలేదు. దేశంలో ఏ మూలకు పోయి బంగినపల్లి అన్నా పండు అని తెలుసు. ఊరు అని తెలిసిన వాళ్లు తక్కువ. మన పిల్లలకే తెలియకపోతే పరాయి వాళ్లను అనుకుని ఏం లాభం?

ముందు నేల సంగతి చెబుతాను, ఎందుకంటే మనుషుల కంటే అదే పాతది. మన ఊరికి తూర్పున కుందూ నది పారే నల్లరేగడి మైదానం, పడమట ఎర్రమల కొండలు. జొన్న, పత్తి, శనగ ఈ రేగడి పంటలు. శ్రీశైలం కుడి కాలువ నీళ్లు వచ్చిన తరువాత కొన్ని పొలాల రూపమే మారిపోయింది. కొండల వైపు పోతే రాయే రాయి. మన ఇళ్లల్లో పరిచే నాపబండలు ఈ ప్రాంతపు సున్నపురాతి పొరల నుండి వచ్చేవే. బేతంచెర్ల, కొలిమిగుండ్ల, మన ఊరు, ఈ పరిసరాల్లో ఎన్నో కుటుంబాలు ఆ బండలు తీసి, కోసి, లారీలకెత్తి బతుకుతున్నాయి. బండ పని దుమ్ము పని, దెబ్బల పని. పెద్ద పెద్ద పట్నాల్లో మన నాపబండ మీద నడిచే వాళ్లకు అది తెలియదు.

మన ఊరి పేరు భూగర్భశాస్త్రంలో కూడా ఉన్నదని చాలామందికి తెలియదు. 1872లో విలియం కింగ్ అనే దొర కడప, కర్నూలు రాతిపొరల మీద పెద్ద గ్రంథం అచ్చు వేయించాడు. ఇక్కడి ఇసుకరాతి పొరకు మన ఊరి పేరే స్థిరపడింది. ఆ ఇసుకరాయి అడుగున గులకరాళ్లు అతుక్కుపోయిన పొర ఒకటి ఉంటుంది. వజ్రాలు దొరికినది ఆ పొరలోనే. పూర్వం కూలీలు నిలువుగా గుంతలు తవ్వి, ఆ పొర తగిలిన తరువాత అడ్డంగా సొరంగాలు చేసుకుని, పాకుతూ పోయి ఆ రాళ్లను పైకి తెచ్చేవారట. వజ్రం ఎవరి మెడలో మెరిసిందో పుస్తకాల్లో ఉంటుంది. పాకుతూ పోయిన వాడి పేరు ఏ పుస్తకంలోనూ నాకు దొరకలేదు.

ఇంకా పాత సంగతి ఒకటుంది. మన ఊరికి దగ్గరలోనే, జుర్రేరు లోయలో, జ్వాలాపురం అనే గ్రామం. అక్కడ నేల తవ్వితే తెల్లటి బూడిద వస్తుంది. ఊళ్లో వాళ్లు దాన్ని తవ్వి గిన్నెలు తోమే పొడికి అమ్ముకునే వారు. అది మామూలు బూడిద కాదు. ఇప్పటికి సుమారు 74,000 సంవత్సరాల క్రితం సుమత్రా దీవిలో టోబా అనే అగ్నిపర్వతం పేలినప్పుడు సముద్రం దాటి వచ్చి పడిన బూడిద. రవి కోరిశెట్టర్, మైకేల్ పెట్రాగ్లియా మొదలైన పండితులు అక్కడ తవ్వకాలు జరిపి, ఆ బూడిద పొరకు కిందా మీదా కూడా మనుషులు చేసిన రాతి పనిముట్లు దొరికాయని 2007లో ప్రకటించారు. అంటే అంత పెద్ద ఉపద్రవం వచ్చి పోయిన తరువాత కూడా ఈ లోయలో మనుషులు బతికారన్నమాట. "మేం ఇక్కడి పాతకాపులం" అని ఎవరైనా గొప్పగా చెప్పుకుంటే, నేను ఈ జ్వాలాపురం సంగతి చెప్పి ఊరుకుంటాను.

ఇక రాజుల కాలానికి వద్దాం. 17వ శతాబ్దం మొదట్లో ఇక్కడి కోట నంద చక్రవర్తి అనే రాజు చేతిలో ఉండగా బీజాపూర్ సైన్యం పట్టుకున్నదని చెబుతారు. దగ్గరలోని నందవరం ఆ పేరునే గుర్తు చేస్తుంది. ఇక్కడ ఒక తప్పును సరిదిద్దాలి. కొన్ని పుస్తకాల్లో 1601లో ఇస్మాయిల్ ఆదిల్ షా ఈ కోటను జయించాడని వేశారు. ఒకరు వేసింది చూసి ఇంకొకరు వేసుకుంటూ పోయారు. ఇస్మాయిల్ ఆదిల్ షా 1534లోనే చనిపోయాడు. 1601లో బీజాపూర్ తఖ్తు మీద ఉన్నవాడు రెండవ ఇబ్రహీం ఆదిల్ షా. ఏడు ఆపి లెక్క వేసుకుంటే తెలిసిపోయే విషయం ఇది. సిద్దు సుంబల్ అనే సేనాని 1665 వరకు ఈ ప్రాంతాన్ని ఏలాడు. ఆ తరువాత జాగీరు ముహమ్మద్ బేగ్ ఖాన్‌కు వచ్చింది. ఆయనకు మగ సంతానం లేదు, మనుమడు ఫైజ్ అలీ ఖాన్‌ను దత్తత చేసుకున్నాడు. 1686లో ఔరంగజేబు బీజాపూర్‌ను తీసుకున్నప్పుడు ఎన్నో జాగీర్లు తారుమారయ్యాయి గానీ, ఫైజ్ అలీ మేనమామ ముబారిజ్ ఖాన్‌కు మొగలుల దగ్గర పలుకుబడి ఉండడం వల్ల మన జాగీరు నిలిచింది. 1724 తరువాత నిజాం కింద జాగీరు. మధ్యలో టిప్పు సుల్తాన్ కాలంలో కుటుంబం ఊరు విడిచి హైదరాబాదులో తలదాచుకుని, 1789లో తిరిగి వచ్చింది. ముస్లిం రాజు మీద ముస్లిం రాజు యుద్ధానికి పోవడం చరిత్రలో మామూలే. ఇప్పటి కళ్లతో చూసి ఆశ్చర్యపోవలసిన పని లేదు.

నిజాం 1800లో చుట్టుపక్కల జిల్లాలను కంపెనీకి ఇచ్చేశాడు. ఇక్కడి నుండి అసలు కథ అప్పుల కథ. జాగీరు వ్యవహారం చెడి 1832లో కంపెనీ వాళ్లు పాలన తమ చేతికి తీసుకున్నారు. 1848 దాకా, అంటే 16 ఏండ్లు, మన ఊరు జాగీర్దారు చేతిలో లేదు. ఆ మధ్యలోనే, 1839లో, కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్ ఆయుధాలు దాచాడని చెప్పి ఆయన్ను గద్దె దించి, కర్నూలును పూర్తిగా కలిపేసుకున్నారు. పెద్ద నవాబు పోయాడు, అప్పుల్లో ఉన్న చిన్న జాగీర్దారు మిగిలాడు! మిగిలిన ఈ చిన్న జాగీరుకు 1876లో నవాబు బిరుదు ఇచ్చారు. తొమ్మిది తుపాకుల సలాము ఇచ్చారు. 1905లో అప్పుల గొడవ మళ్లీ ముదిరి కొన్ని నెలలు పాలన ప్రభుత్వం తీసుకున్నది.

ఇవన్నీ ఎందుకు రాస్తున్నాడు, మన నవాబుల పరువు తీస్తున్నాడు అని కొందరు అనుకోవచ్చు. ఊరి బయట రాతి గుట్ట మీద ఉన్న నవాబు బంగళాను చూసి "అబ్బా, ఆ రోజులు!" అనే వాళ్లను చాలామందిని చూశాను. 2009లో వచ్చిన సినిమా తరువాత ఇప్పటి కుర్రవాళ్లు దాన్ని అరుంధతి కోట అంటున్నారు, పాత పేరు కూడా పోయింది. బంగళా అందంగా ఉంది, కాదనను. అయితే ఆ రోజుల్లో కూడా మన తాతలు ఆ బంగళాలో ఉండలేదు. పొలంలోనో, బట్టల అంగట్లోనో, గుర్రాల దొడ్లోనో ఉన్నారు. చరిత్ర అంటే బంగళా ఒక్కటే అనుకుంటే, మన ఇండ్లకు చరిత్రే లేదని ఒప్పుకున్నట్టు అవుతుంది.

జనం సంగతి చూడండి. 1901 జనాభా లెక్కల్లో బనగానపల్లె సంస్థానం విస్తీర్ణం 255 చదరపు మైళ్లు, జనం 32,264. చదరపు మైలుకు 126 మంది లెక్క. మద్రాసు ప్రభుత్వం కింద ఉన్న అయిదు సంస్థానాల్లో మనది ఒకటి. మిగిలినవి తిరువాంకూరు, కొచ్చిన్, పుదుక్కోట, సండూరు. తిరువాంకూరు పక్కన మనం చీమంత. ఆ లెక్కకు 25 ఏండ్ల ముందు, 1876 నుండి 78 వరకు వచ్చిన కరువు కర్నూలు జిల్లాలో జనాభాను దాదాపు నాలుగో వంతు తగ్గించింది. సంస్థానం హద్దు రాయి చూసి ఆ కరువు ఆగి ఉండదు కదా.

ఆ జనంలో ఎక్కువ మంది తెలుగు రైతులు, కూలీలు. నవాబులు ఇరాన్ నుండి వచ్చిన వంశం, షియాలు. సున్నీలు వేరు, దూదేకుల వారు వేరు. అందరూ ఒక్క నీళ్లే తాగారు. వీరబ్రహ్మేంద్ర స్వామి మన ఊళ్లో గరిమిరెడ్డి అచ్చమ్మ గారి పశువులు కాసి, రవ్వలకొండ గుహలో కాలజ్ఞానం రాశారని చెబుతారు. నవాబు ఆయన్ను పరీక్షించడానికి మాంసం పళ్లెం పెడితే గుడ్డ తీసేసరికి పూలయ్యాయని మా అమ్మ కూడా చెప్పేది. నిజమా కాదా అని నేను వాదించను. ఆ కథ చెప్పిన తరువాత ఆవిడ, "ఆయన ముఖ్య శిష్యుడు సిద్దయ్య దూదేకుల ఇంటి బిడ్డ, తెలుసా?" అని తప్పకుండా అనేది. మన వాళ్లు పెళ్లి సంబంధాల దగ్గర దూదేకుల ఇంటి పేరు చెప్పగానే గొంతు తగ్గిస్తారు. మన సంఘంలోనే ఆ జబ్బు ఉంది, దాచిపెడితే పోదు.

1948 ఫిబ్రవరిలో సంస్థానం మద్రాసు రాష్ట్రంలో కలిసి కర్నూలు జిల్లాకు చేరింది. చివరి నవాబు మీర్ ఫజ్లే అలీ ఖాన్. 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్. ఇప్పుడు 2022 ఏప్రిల్ 4 నుండి నంద్యాల జిల్లా. నంద్యాల, ఎర్రగుంట్ల రైలు 2016లో నడిచింది. స్టేషన్ బోర్డు మీద ఊరి పేరు చూడడానికి నేను నా పిల్లలను పని పెట్టుకుని తీసుకుపోయాను.

ఇప్పుడు మామిడి. ఆ పిల్లవాడికి నేను చెప్పిన జవాబు: ఊరు ముందు, పండు తరువాత. నవాబుల తోటల నుండి ఈ రకం బయటికి పోయి పేరు తెచ్చుకున్నది. 2017లో దీనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. హైదరాబాదు వైపు దీన్నే బేనిషాన్ అంటారు. బే అంటే లేకుండా, నిషాన్ అంటే గుర్తు. తొక్క మీద మచ్చ లేని పండు అని అర్థం. తమాషా ఏమిటంటే ఇప్పుడు ఈ పండు నూజివీడులో, చిత్తూరులో, ఇంకా ఎక్కడెక్కడో పండుతుంది. మన ఊళ్లో అమ్మే పండు చాలా భాగం మన చెట్టుది కాకపోవచ్చు.

అదే నిషాన్ నుండి తెలుగులో నిశానీ వచ్చింది. చదువు రాని వాడు సంతకం చేసే చోట పెట్టే గుర్తు నిశానీ. పాత దస్తావేజుల్లో రైతులు నాగలి బొమ్మ గీసేవారు. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, ఆ పిల్లవాడే మరుసటి వారం ఇంటి నుండి ఒక కాగితం తెచ్చాడు. వాళ్ల ముత్తాత పెట్టెలో ఉన్నదట. వాళ్ల ఇంట్లో ఎవరికీ చదవడం రాదు. తాయెత్తు కాగితం అనుకుని జాగ్రత్త పెట్టారు. మడతల దగ్గర చిరిగిపోయి ఉంది. ఫారసీ మాటలు, షికస్తా రాత. ఉర్దూ చెప్పే మాస్టరును, మూడు చోట్ల నేనే ఆగిపోయాను. సిగ్గనిపించింది. అయినా రెండు రాత్రులు కూర్చుని చదివినంత వరకు, అది తాయెత్తు కాదు, మంత్రం కాదు. ఒక బావి, ఆ బావి కింద కొంచెం భూమి, దాని నీళ్లు ఇద్దరు మనుషులు వంతుల వారీగా వాడుకోవాలన్న ఒప్పందం. ఒకరు ఈ పిల్లవాడి ముత్తాత. రెండో వాడి పేరు తెలుగు పేరు. కింద కరణం తెలుగులో సంతకం చేశాడు. రెండో వాడు నాగలి బొమ్మ గీశాడు.

రెండు లిపులు, ఒక నాగలి, ఒకే కాగితం మీద! మన ఊరి చరిత్ర పెద్ద గ్రంథాల్లో రెండు పేజీలు కూడా లేదు. మిగిలినదంతా ఇలాంటి పెట్టెల్లో ఉంది, చెదలు తింటున్నది. ఇల్లు పడగొట్టి కొత్తది కట్టేటప్పుడు చెత్తతో పాటు కాల్చేస్తున్నారని విన్నాను. సభ్యుల కుటుంబాలకు నా మనవి. అలాంటి కాగితం ఏదైనా ఉంటే పారేయకండి, అతికించకండి, ప్లాస్టిక్ వేయించకండి. ఆదివారం పూట తెస్తే ఫోటో తీసుకుని కాగితం మీకే ఇచ్చేస్తాను. నాకు చేతనైనంత చదివి తెలుగులో రాసి ఇస్తాను. నాకంటే బాగా షికస్తా చదవగల పెద్దలు ఎవరైనా మన సంఘంలో ఉంటే, దయచేసి ముందుకు రావాలి. నేను వారి దగ్గర నేర్చుకుంటాను.

ఆ కాగితంలోని బావి గుర్తులు ఇవి: ఊరికి పడమర, రెండు చింతచెట్లు, పక్కన బండల వాగు. ఆ పిల్లవాడూ నేనూ ఒక ఆదివారం సైకిళ్ల మీద పోయి చూశాం. చింతచెట్టు ఒకటి ఉంది. బావి కనిపించలేదు. ఆ వైపు పొలాలున్న వారికి తెలిసి ఉంటే చెప్పగలరు.