అమరులా, హతసాక్షులా?

చచ్చినవాళ్ళంతా అమరులు కారు. ఎవర్ని అమరుడనాలో, ఎవర్ని ఉత్త మృతుడనాలో తేల్చడంలో మన దేశంలో కులం కూడా చెయ్యి పెట్టింది. ముందు మా ఇంటి ముంగిటి చరిత్రనే తీసుకుంటాం.

అనకాపల్లి జిల్లా గొలుగొండ మండలంలో కృష్ణాదేవిపేట ఉంది. అల్లూరి సీతారామరాజు సమాధి అక్కడే. 1924 మే 7న ఆయన్ని పట్టుకుని కాల్చి చంపారు. ఆయన త్యాగాన్ని తక్కువ చెయ్యడం మా ఉద్దేశం కాదు. అయితే 1922 ఆగస్టులో మొదలైన ఆ పితూరీకి కండా నెత్తురూ అయినవాళ్ళు మన్యం ఆదివాసులు. అడవి చట్టాలూ, రోడ్డు పనుల్లో వెట్టీ వాళ్ళని లేపాయి. గాం గంటందొరను కూడా 1924లోనే చంపారు. ఆయన సోదరుడు మల్లుదొర అండమాన్ జైలుకు పోయి, బతికొచ్చి, 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు గెలిచాడు. వీళ్ళ పేర్లు మన బళ్ళలో ఎంతమంది పిల్లలకు తెలుసు? 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చినప్పుడు మన్యానికి పెట్టింది రాజుగారి పేరే.

ఇక మాట సంగతి. 'అమరుడు' సంస్కృతం. చావు లేనివాడు, అంటే దేవుడు. అమరకోశం దేవతల పేర్లు చెప్పడం ఈ మాటతోనే మొదలెడుతుంది. చచ్చినవాణ్ణి దేవుణ్ణి చేశాక చంపినవాడి ఊసుండదు. 'ఆయన అమరుడయ్యాడు' అన్న వాక్యంలో కర్త చచ్చినవాడే. మా పేటల్లో ముసలమ్మలు అలా అనరు. 'సంపేసినారు' అంటారు. ఎవరు అని వెంటనే అడగాల్సొస్తుంది. ఆ మాటను మాస్టార్లు దిద్దుతారు గానీ, కోర్టుకు కావలసింది ఆ కర్తే.

'వీరమరణం'తో ఇంకో చిక్కు. ఆయుధం పట్టి ఎదురెళ్ళినవాడికే ఆ గౌరవం. కారంచేడులో 1985 జులై 17న పొలాలకడ్డంపడి పరిగెత్తుతున్న మాదిగల్ని తరిమి నరికారు. ఆరుగురు పోయారు. పరిగెత్తినవాళ్ళు వీరులెట్లా అవుతారని అడిగేవాళ్ళున్నారు. ముందురోజు చెరువు దగ్గర బిందె ఎత్తి ఎదురు నిలిచిన మున్నంగి సువార్తను వాళ్ళు లెక్కలోకి తీసుకోరు. ఆ ఊచకోత దళితుల నిస్సహాయత చూసి జరగలేదు, ధిక్కారం చూసి జరిగింది.

క్రైస్తవ పేటల్లో వేరే మాటుంది: హతసాక్షి. తెలుగు బైబిలు ప్రకటన గ్రంథంలో కనిపిస్తుంది. గ్రీకులో 'మార్టిస్' అంటే అసలు అర్థం సాక్షే. అరబ్బీ 'షహీద్' కూడా సాక్ష్యం అన్న ధాతువు నుంచే వచ్చింది. తెలుగు చేసినవాళ్ళు హతుణ్ణీ సాక్షినీ ఒకే మాటలో కూర్చారు. దీన్ని పాదిరీ తెలుగని పక్కనపెట్టే పండితులుంటే ఉండనీండి. కారంచేడు అలీసమ్మకు ఇంతకన్నా సరైన మాట మాకు కనబడలేదు. ఆమె కళ్ళారా చూసింది, చెప్పడానికి నిలబడింది. అందుకని ఆమెనూ చంపేశారు. ఆ కేసులో సుప్రీంకోర్టు తీర్పు 2008 డిసెంబరులో వచ్చింది. ఒకరికి యావజ్జీవం, 29 మందికి మూడేళ్ళు. దానికి ఇరవై మూడేళ్ళు పట్టింది.

చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మందిని చంపారు. శవాల్ని ఊరి నడుమే పాతిపెట్టి ఆ చోటికి 'రక్తక్షేత్రం' అని పేరు పెట్టారు. పేటా, శ్మశానమూ ఊరికి దూరంగా ఉండాలన్న కట్టు అక్కడ తెగింది. ఆ సమాధుల దగ్గర 'అమరులు' అన్నా మాకు పేచీ లేదు. ఆ దారిన పోయే ప్రతివాడికీ ఎవరు చంపారన్న ప్రశ్న ఎదురవుతుంది గనక. ఊళ్ళోనే పెట్టించుకున్న ప్రత్యేక కోర్టు 2007 జులై 31న 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు నేరం రుజువు కాలేదని అందర్నీ వదిలేసింది. బోనెక్కి చెప్పినవాళ్ళు చాలామంది అప్పటికి బతికే ఉన్నారు. అమరుల జాబితాలో వాళ్ళు లేరు, హతులూ కారు. వాళ్ళని ఏమని పిలవాలో మాటలు పోగేస్తున్న మాకు ఇంకా తేలలేదు.