ఆకాశంలో బడి, హార్డ్ డిస్కులో పాఠం

2004 సెప్టెంబర్ 20, సోమవారం. సాయంత్రం నాలుగు గంటల వేళ సూళ్లూరుపేటలో మా వీధి వీధంతా మిద్దెల మీదే ఉంది. మా ఊరివాళ్లకి రాకెట్ కొత్తేం కాదు. అలాగని ఆ టైముకి ఇంట్లో కూర్చోబుద్ధీ కాదు. పులికాట్ సరస్సుకి అవతల, శ్రీహరికోట వైపు, ముందు వెలుగు కనిపిస్తుంది. చప్పుడు మన దాకా రావడానికి దాదాపు నిమిషం పడుతుంది. ఆ నిమిషంలో ఎవరూ మాట్లాడరు. తర్వాత కిటికీ రెక్కలు గడగడలాడతాయి, కుక్కలు అరుస్తాయి, కింద నుంచి మా అవ్వ "పొయ్యిందా?" అని అడుగుతుంది.

ఆ రోజు పోయింది జీఎస్ఎల్‌వీ-ఎఫ్01. అది మోసుకెళ్లింది 1,950 కిలోల ఎడ్యుశాట్‌ని. కేవలం చదువు కోసమే మన దేశం పంపిన మొదటి ఉపగ్రహం. నేనప్పుడు ఇంటర్ మొదటి సంవత్సరం. "ఇంక అయ్యవార్లతో పన్లేదంట, పాఠాలన్నీ పైనుంచే వస్తాయంట" అన్నాడు పక్క మిద్దె మీదున్న పెద్దాయన. అందరం నవ్వాం. కానీ నేను మాత్రం కొంత నమ్మాను.

ఇరవై ఏళ్లు దాటింది. ఆ పాఠాలు మా ఊరి పిల్లలకి ఎంతవరకు చేరాయి, చేరినవి వాళ్ల దగ్గర ఎంతవరకు మిగిలాయి అన్న ప్రశ్న నన్ను వదల్లేదు. దూరవిద్య చరిత్రని మామూలుగా సాధనాల వరసలో చెబుతారు: ముందు పోస్టు, తర్వాత రేడియో, టీవీ, ఉపగ్రహం, ఇంటర్నెట్. ఒకదాని కంటే ఒకటి వేగం, ఒకదాని కంటే ఒకటి గొప్ప. నాకు మాత్రం ఆ చరిత్రని ఇంకో ప్రశ్నతో చదవాలనిపిస్తుంది. పాఠం అందుకున్న మనిషి చేతిలో చివరికి ఏం మిగిలింది?

పోస్టుతో మొదలుపెడదాం. 1962లో ఢిల్లీ విశ్వవిద్యాలయం కరస్పాండెన్స్ కోర్సులు మొదలుపెట్టింది. 1972లో ఆంధ్ర విశ్వవిద్యాలయం కూడా ఆ దారి పట్టింది. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం కోర్సులతో డిగ్రీ పూర్తి చేసిన గుమస్తాలు, టీచర్లు మా వైపు ప్రతి బంధువర్గంలోనూ ఒకరిద్దరు కనిపిస్తారు. 1982 ఆగస్టులో హైదరాబాద్‌లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం పుట్టింది. దేశంలో మొదటి ఓపెన్ యూనివర్సిటీ అదే. జి. రాంరెడ్డి మొదటి వైస్ ఛాన్సలర్. మూడేళ్లకి ఢిల్లీలో ఇగ్నో మొదలైతే దానికీ ఆయన్నే మొదటి వైస్ ఛాన్సలర్‌గా తీసుకెళ్లారు. 1991లో మన యూనివర్సిటీకి అంబేడ్కర్ పేరు పెట్టారు.

ఇంటర్ చదవకపోయినా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే వీలు కల్పించడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. అంతకంటే పెద్ద విషయం ఆ పుస్తకాలు. కొందరు అధ్యాపకులు కలిసి కూర్చుని, ఎదురుగా అయ్యవారు ఉండడన్న సంగతి మనసులో పెట్టుకుని, తెలుగులో రాసిన పాఠాలు. మధ్యమధ్యలో "మీ జవాబు సరిచూసుకోండి" అనే పాఠాలు. ఆ యూనివర్సిటీలో ఎప్పుడూ చేరనివాళ్లు కూడా వాటితో గ్రూప్స్‌కి ప్రిపేరయ్యారు. ఒకళ్లు కొన్న పుస్తకం నలుగురి చేతులు మారింది, జిరాక్స్ అయింది, మార్జిన్లలో పెన్సిల్ రాతలు చేరాయి. మా చిన్నాన్న దగ్గరున్న చరిత్ర పుస్తకంలో మూడు రకాల చేతిరాతలు ఉండేవి. పాఠాన్ని పంచుకోవడమంటే ఏంటో నాకు తెలిసింది ముందు అక్కడే, ఇంటర్నెట్‌లో కాదు.

ఇక ఆకాశం సంగతి. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 దాకా సరిగ్గా ఏడాది పాటు 'సైట్' ప్రయోగం జరిగింది. నాసా ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని అరువిచ్చింది. ఆంధ్రప్రదేశ్‌తో కలిపి ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 పల్లెలకి టీవీ కార్యక్రమాలు నేరుగా వెళ్లాయి. తెలుగు కార్యక్రమాల కోసం హైదరాబాద్‌లో ఒక నిర్మాణ కేంద్రం పెట్టారు. కరెంటు సరిగా లేని ఊళ్లలో జనం గుంపుగా కూర్చుని టీవీ చూడటం అప్పట్లో ప్రపంచమంతా ఆశ్చర్యపోయిన విషయం. కానీ ఏడాది అవగానే అరువు తీరింది, ఉపగ్రహం వెనక్కి వెళ్లింది. పల్లెల్లో డబ్బాలు మిగిలాయి.

1984 ఆగస్టు 15న యూజీసీ దూరదర్శన్‌లో 'కంట్రీవైడ్ క్లాస్‌రూమ్' మొదలుపెట్టింది. దానికి కార్యక్రమాలు తీసిన కేంద్రాల్లో హైదరాబాద్ కూడా ఉంది. మంచి కార్యక్రమాలు, సందేహం లేదు. కానీ అవి వచ్చేది ఇంగ్లీషులో. చిన్న ఊళ్లలో డిగ్రీ చదివే పిల్లల కోసమని ఉద్దేశించిన పాఠం, ఆ పిల్లలకి పట్టుబడని భాషలో, వాళ్లు కాలేజీలోనో పనిలోనో ఉండే టైములో వచ్చేది. తర్వాత ఉమ్మడి రాష్ట్రంలో మన టీవీ వచ్చింది. ఉపగ్రహం ద్వారా కాలేజీలకి తెలుగులోనే పాఠాలు పంపింది. భాష సమస్య కొంత తీరింది. టైము సమస్య తీరలేదు. ఆ గంటకి కరెంటు ఉండాలి, ఆ గది తాళం తీసి ఉండాలి, పిల్లలు అక్కడ ఉండాలి.

గది తాళం అన్నాను కదా, ఆ ముచ్చట కూడా చెబుతాను. నేను ఇంజినీరింగ్ చదివిన కాలేజీలో మిద్దె మీద ఒక డిష్, దాని కింద ఏసీ గది ఉండేవి. నాలుగేళ్లలో ఆ గదిలోకి నేను రెండుసార్లు వెళ్లాను. రెండుసార్లూ ఎవరో తనిఖీకి వచ్చారు. మమ్మల్ని వరసగా కూర్చోబెట్టి ఫొటో తీశారు. తెర మీద ఏదో పాఠం నడుస్తోంది, ఎవరూ వినలేదు. తప్పు పైన తిరిగే ఉపగ్రహానిది కాదు. దాన్ని చేసినవాళ్లు తమ పని తాము చేశారు. కింద ఉన్న మాకు ఆ పాఠాన్ని ఆపే వీలు లేదు, వెనక్కి తిప్పే వీలు లేదు, ఇంటికి తీసుకెళ్లే వీలు లేదు. మా అయ్యవార్లకి కూడా లేదు. వాళ్లు కూడా మాతోపాటు ప్రేక్షకులే. 2010 సెప్టెంబర్‌లో ఎడ్యుశాట్‌ని సేవ నుంచి తప్పించారు. దాని పనిని వేరే ఉపగ్రహాలకి అప్పగించారు. మా కాలేజీ ఫొటోలు మాత్రం బ్రోచర్‌లో చాలాకాలం ఉన్నాయి.

అదే కాలేజీలో, అదే ఏళ్లలో, హాస్టల్లో ఒక హార్డ్ డిస్క్ తిరుగుతుండేది. సినిమాల ఫోల్డర్ల మధ్య ఒక ఫోల్డర్ పేరు 'ఎన్‌పీటెల్'. ఏడు ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్‌సీ కలిసి 2003లో మొదలుపెట్టిన ప్రాజెక్టు అది. ఇంజినీరింగ్ సబ్జెక్టులన్నీ వీడియో పాఠాలుగా తీసి అందరికీ ఇచ్చేశారు. సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్ పరీక్షకి ముందు రాత్రి ఆరుగురం ఒక కంప్యూటర్ ముందు కూర్చుని, అర్థంకాని చోట ఆపి, అర్థమైనవాడు మిగతావాళ్లకి తెలుగులో చెప్పి, మళ్లీ ప్లే చేసి చదివాం. ఆకాశం నుంచి పడాల్సిన పాఠం మాకు పక్క రూమువాడి నుంచి అందింది.

అప్పుడు మాకు తెలియదుగానీ దీని వెనక ఒక ఆలోచన ఉంది. 2001 ఏప్రిల్‌లో ఎంఐటీ తన కోర్సుల పాఠాలన్నీ ఇంటర్నెట్‌లో ఉచితంగా పెడతానని ప్రకటించింది. 2002లో పారిస్‌లో యునెస్కో పెట్టిన సమావేశంలో ఇలాంటి పాఠాలకి 'ఓపెన్ ఎడ్యుకేషనల్ రిసోర్సెస్' అని పేరు పెట్టారు. ఆ ఏడాది చివరికే క్రియేటివ్ కామన్స్ లైసెన్సులు వచ్చాయి. సాఫ్ట్‌వేర్‌లో ఓపెన్ సోర్స్ అంటే మాకు వెంటనే వెలిగే విషయాన్నే వీళ్లు పాఠానికి అన్వయించారు. డేవిడ్ వైలీ అనే విద్యావేత్త దీన్ని ఐదు హక్కులుగా చెప్పాడు. తెలుగులో నేనిలా చెప్పుకుంటాను: దాచుకోవడం, వాడుకోవడం, మార్చుకోవడం, కలుపుకోవడం, పంచిపెట్టడం. ఈ ఐదూ ఉంటేనే అది అందరి పాఠం. డబ్బు తీసుకోకుండా చూపించినంత మాత్రాన కాదు.

ఈ తేడా నాకు పుస్తకాల్లో చదివినప్పుడు పూర్తిగా ఎక్కలేదు. 2020లో మా పెద్దమ్మ కూతురు వల్ల ఎక్కింది. అక్క మా వైపే ఒక డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతుంది. మార్చిలో కాలేజీలు మూతపడ్డాయి. ఆన్‌లైన్ క్లాస్ పెడితే అరవై మందిలో పదిహేను మంది వచ్చేవాళ్లు. సరస్సు ఒడ్డు ఊళ్ల పిల్లలకి సిగ్నల్ ఉండేది కాదు. కొన్ని ఇళ్లలో ఒకటే ఫోన్, అది నాన్నతోపాటు వేటకి పోతుంది. అక్క ఎన్‌పీటెల్‌లో ద్రావణాల మీద ఒక పాఠం దించుకుంది. గంట పాఠంలో తనకి కావలసిన ఎనిమిది నిమిషాలు కోసింది. ఇంగ్లీషు గొంతు తీసేసి తన గొంతు పెట్టింది. గాఢత దగ్గరికొచ్చేసరికి వాళ్లిచ్చిన ఉదాహరణ పక్కన పెట్టి పులికాట్ కథ చెప్పింది: వానాకాలంలో కాళంగి, ఆరణి నీళ్లు వచ్చి కలిస్తే సరస్సులో ఉప్పదనం తగ్గుతుంది, ఎండాకాలంలో నీళ్లు ఇగిరిపోతే సముద్రం కంటే ఉప్పగా అవుతుంది, ఉప్పు అంతే ఉన్నా నీళ్లు తగ్గితే ఏమవుతుందో మీ ఇంట్లోవాళ్లకి మనకంటే బాగా తెలుసు, అడగండి. ఆ చిన్న వీడియోని వాట్సాప్‌లో పంపింది. రాత్రిపూట సిగ్నల్ దొరికినప్పుడు పిల్లలు దించుకున్నారు.

రెండు రోజుల తర్వాత నాకు ఫోన్. "రేయ్, నువ్వు కంప్యూటర్లోడివి గదా, ఇది దొంగతనం గాదు గదా? ఎవురన్నా కేసేస్తారా?"

నేను లైసెన్స్ తీసి చదివి చెప్పాను. "కాదక్కా. ఎవరి పాఠమో పేరు చెప్పాలి. నువ్వు చేసింది కూడా ఇదే షరతు మీద అందరికీ ఇవ్వాలి. అమ్ముకోకు. అంతే."

కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "అయితే మార్చొచ్చన్నమాట. ఇన్నేళ్లు ఈ మాట మాకెవురూ చెప్పలేదేరా?" అంది.

ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. 2016 నాటి యూజీసీ నిబంధనలు విద్యార్థి తన క్రెడిట్లలో 20 శాతం దాకా స్వయం కోర్సులతో సంపాదించొచ్చన్నాయి. 2021లో దాన్ని 40 శాతానికి పెంచారు. 2017 జూలై 9న స్వయం, దాంతోపాటు 32 డీటీహెచ్ చానళ్ల స్వయంప్రభ మొదలయ్యాయి. ఇవన్నీ పాఠాన్ని విద్యార్థి దాకా తీసుకెళ్లే ఏర్పాట్లు. నడుమ ఉన్న అయ్యవారు ఆ పాఠంతో ఏం చేయొచ్చు అన్న మాట వీటిలో వెనకబడిపోయింది. సైట్ నుంచి స్వయంప్రభ దాకా నలభై ఏళ్లు దాటినా మనం పాఠాన్ని పంపడం గురించే ఎక్కువ ఆలోచించాం, అప్పగించడం గురించి తక్కువ.

ఇందులో ఇంకో వైపు కూడా ఉంది, దాన్ని దాటేస్తే తప్పవుతుంది. పంచుకునే పాఠాలంటే కొన్ని యాజమాన్యాలకి లెక్చరర్ల జీతం మిగుల్చుకునే దారిగా కనిపిస్తుంది. "ఐఐటీ ప్రొఫెసరే చెబుతుంటే నీతో పనేంటి?" అనడం తేలిక. మా పక్క మిద్దె పెద్దాయన సరదాకన్న మాటని ఎవరైనా నిజంగా అమలు చేస్తే అక్కలాంటివాళ్ల ఉద్యోగాలు పోతాయి. పైగా ఆ ఎనిమిది నిమిషాల కోసం అక్క రెండు రాత్రులు కూర్చుంది. దానికి జీతం లేదు, పనిగంటల్లో లెక్క లేదు. పాఠం ఉచితం కావచ్చు, దాన్ని మన పిల్లలకి సరిపోయేట్టు మలిచే శ్రమ ఉచితం కాదు. ఆ శ్రమని పనిగా గుర్తించని చోట పంచుకునే పాఠాలు కూడా మా కాలేజీ ఏసీ గదిలాగే ఫొటోలకి పనికొస్తాయి.

1968లో తెలుగు అకాడమీ పెట్టినప్పుడు ఉద్దేశం స్పష్టంగా ఉండేది: కాలేజీ చదువు తెలుగులో సాగాలి, దానికి పుస్తకాలు కావాలి, రాయించాలి, రాసినవాళ్లకి డబ్బివ్వాలి. ఆ పుస్తకాల భాషతో ఎన్ని పేచీలున్నా అది శ్రమని లెక్కలోకి తీసుకున్న పని. ఈమధ్య ఎన్‌పీటెల్ పాఠాల్లో కొన్నింటికి తెలుగు అనువాదాలు కూడా వస్తున్నాయి. సంతోషమే. కానీ అనువాదం ఎంత బాగున్నా అందులో కాళంగి ఉండదు. పులికాట్‌ని ప్రళయ కావేరి అని పిలుచుకునే ఊళ్ల భాష, స.వెం. రమేశ్ కతల్లో మనం చదువుకున్న ఆ భాష, ఎక్కడో కూర్చుని అనువదించేవాళ్లకి తట్టదు. అది తట్టేది ఆ పిల్లల ముఖాలు తెలిసిన మనిషికే. ఆ మనిషికి కావలసింది మార్చుకునే హక్కు, కొంచెం టైము, కొంచెం డబ్బు.

రాకెట్ కేంద్రం కోసం శ్రీహరికోట దీవి నుంచి యానాదుల కుటుంబాలని ఖాళీ చేయించారు. 2022లో మా ఊరు నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాలోకి వచ్చింది. ఆకాశంలోకి ఎన్నో పోయాయి, నేల మీద గీతలు ఎన్నోసార్లు మారాయి. దేశం మొత్తానికి చదువు చెప్పే ఉపగ్రహం మా కళ్ల ముందే లేచింది. వెలుగు వెంటనే చూశాం, చప్పుడు నిమిషానికి విన్నాం. పాఠం మాత్రం పదహారేళ్లకి, ఒక లెక్చరర్ ఫోన్‌లోంచి, ఎనిమిది నిమిషాల ముక్కగా వచ్చింది.

పోయిన సంక్రాంతికి అక్క ఇంటికి వెళ్లాను. ఆ వీడియో చివర నేను చెప్పినట్టే ఒక వాక్యం పెట్టుకుంది: పాఠం ఫలానావారిది, మార్పులు నావి, మీరు కూడా మార్చుకోవచ్చు. "చూడ్రా" అని ఫోన్‌లో ఇంకో వీడియో చూపించింది. ఎవరో తెలియని లెక్చరరమ్మ, కొల్లేరు వైపు యాస. ద్రావణాల పాఠమే. అక్క గొంతు అక్కడక్కడా అలాగే ఉంది. పులికాట్ ఉండాల్సిన చోట మాత్రం చేపల చెరువుల నీళ్లు ఉన్నాయి.

"నన్ను అడగనన్నా అడగలేదు" అంది అక్క. కోపమేం లేదు, నవ్వుతోంది.