సవర చిత్రకళ

సవర చిత్రకళ ఆంధ్రప్రదేశ్, ఒడిషా సరిహద్దు కొండలలో నివసించే సవర గిరిజనులు తమ ఇళ్ళ లోపలి గోడలపై వేసే చిత్రాల సంప్రదాయం. ఈ చిత్రాలను సవర భాషలో ఇడితాల్ లేదా ఇట్టల్ అంటారు. వీటికి పేరుపొందిన సీతంపేట మన్యం 1950లో శ్రీకాకుళం జిల్లా ఏర్పడేవరకు విశాఖపట్నం జిల్లాలో భాగంగా ఉండేది. 2022 నుండి పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది.

పరికరాలు

ఈ చిత్రాలకు కావలసినవన్నీ ఇంట్లోనే దొరుకుతాయి. గోడను ఎర్రమట్టితో అలికి, ఆరిన తరువాత నీటిలో కలిపిన బియ్యప్పిండితో బొమ్మలు గీస్తారు. నలుపు కావలసినచోట దీపపు మసి వాడతారు. కొన నలగగొట్టిన వెదురు పుల్లే కుంచె. ముందుగా చతురస్రాకారపు అంచు గీసి, అక్కడినుండి లోపలికి బొమ్మలు నింపుకుంటూ వస్తారు. మనుషుల శరీరాలు మొనలు కలిసిన రెండు త్రిభుజాలవలె ఉంటాయి. మహారాష్ట్రలోని వార్లీ చిత్రాలతో పోలిక ఉన్నందున చాలామంది రెండూ ఒకటేనని పొరబడతారు.

ప్రయోజనం

ఇవి అలంకారం కొరకు వేసినవి కావు. ఇంట్లో ఎవరికైనా జబ్బుచేసినప్పుడు, దానికి చనిపోయిన ఫలానా బంధువు కారణమని పూజారి చెబితే, ఆ ఆత్మ నివసించడానికి గోడమీద ఒక "ఇల్లు" గీస్తారు. అందులో సూర్యచంద్రులు, చెట్లు, కోతులు, ఏనుగులు, గుర్రాలతోబాటు ఆత్మకు సేవకులు, వాహనాలు కూడా ఉండాలి. అందువల్లనే కాలక్రమాన సైకిళ్ళు, రైళ్ళు, విమానాలు, తుపాకులు పట్టిన సిపాయిలు కూడా గోడలెక్కారు. పూజ అయిన తరువాత చిత్రం పొగచూరి మాసిపోయినా ఎవరూ పట్టించుకోరు. అవసరమైతే దానిపైనే మళ్ళీ అలుకుతారు.

అధ్యయనాలు

సవర భాషకు వ్యాకరణం, నిఘంటువు కూర్చినవాడు గిడుగు రామమూర్తి. ఆయన సవర భాషా వ్యాకరణం 1931లో వెలువడింది. చిత్రాలను విస్తృతంగా నమోదు చేసినవాడు వెరియర్ ఎల్విన్. మధ్యభారత గిరిజన కళపై 1951లోను, సవరల మతంపై 1955లోను ఆయన గ్రంథాలు వచ్చాయి. బ్రిటిష్ మానవశాస్త్రజ్ఞుడు పియర్స్ విటెబ్‌స్కీ 1970ల నుండి ఒడిషా సవరల మధ్య పనిచేసి, చనిపోయినవారితో మాట్లాడే ఆచారాన్ని 1993లో ఒక పుస్తకంగా ప్రచురించాడు. ఆ తరువాతి తరం చాలావరకు బాప్టిస్టు క్రైస్తవాన్ని స్వీకరించడంతో ఆ ఆచారం అంతరిస్తున్న తీరును 2017లో మరొక పుస్తకంలో వివరించాడు.

ప్రస్తుత స్థితి

ఆచారం తగ్గేకొద్దీ గోడమీది బొమ్మ కాగితం, గుడ్డ, కాన్వాసు మీదికి చేరింది. హస్తకళల ప్రదర్శనలలోను, దుకాణాలలోను ఆక్రిలిక్ రంగులతో వేసినవి అమ్ముడవుతున్నాయి. గోడచిత్రం ఒక ఇంటిలోని ఒక మృతుని పేరున గీసినది. కాగితపు చిత్రంలో ఆ పేరు ఉండదు, చిత్రకారుని సంతకం ఉంటుంది. జీవనోపాధి దృష్టితో చూస్తే ఈ మార్పును తప్పుపట్టలేము. ఒడిషాలోని లాంజియా సౌరా చిత్రకళకు 2024 జనవరిలో భౌగోళిక గుర్తింపు లభించింది.