తిమింగల సొర – మారిన దృష్టి

మనుషుల మనస్సులు మారితే జంతుజాలం బతుకుతుందనేవారున్నారు. ఆ మనస్సులను మార్చే పరిస్థితులేవో కూడా పరిశీలించాలి.

చేపలన్నిటిలోకీ పెద్దదైన తిమింగల సొర సాధుజీవి. సౌరాష్ట్ర తీరంలో జాలరులు పూర్వం దాని కాలేయపు నూనెను నీరు దిగకుండా పడవ చెక్కలకు పూసేవారు. 1990ల్లో తైవాన్ వంటి దేశాల్లో మాంసానికి గిరాకీ పెరగడంతో వేట వ్యాపారంగా మారింది. వేటలో వాడే పీపాలను బట్టి దాని పేరే 'బ్యారెల్' అయిపోయింది.

2001 మేలో ప్రభుత్వం ఈ వేటను నిషేధించింది. జూలైలో నిషేధాన్ని సొరలన్నిటికీ, టేకు చేపలకూ విస్తరింపజేసింది. జీవనోపాధి పోతుందన్న అభ్యంతరాలు రాగా, డిసెంబరులో కొన్ని జాతులకే పరిమితం చేసింది.

2004లో మొదలైన ప్రచారంలో కథావాచకుడు మొరారీ బాపు ఈ సొరను పురిటికి పుట్టింటికి వచ్చే ఆడపడుచుతో పోల్చాడు. 'బ్యారెల్' కాస్తా 'వ్హాలీ', అనగా ప్రియమైనది, అయింది. ఆ మాటకు తోడుగా, వల కోసి సొరను విడిచిన జాలరికి అటవీశాఖ పరిహారమిచ్చింది. వందలాది సొరలు తిరిగి సముద్రం చేరాయి.

జాలరి నిన్న క్రూరుడూ కాడు, నేడు హఠాత్తుగా సాధువూ కాలేదు. నిన్న విపణి వేటకు ధర కట్టింది. నేడు సమాజం రక్షణ ఖర్చులో పాలుపంచుకుంది. ఆ భారాన్ని పేదవాని వలమీదనే మోపే చట్టం కాగితం దాటదు.