చేతిరాతల్లో తిరిగిన కవిత్వం

1592లో లండన్‌లోని లింకన్స్ ఇన్‌లో న్యాయశాస్త్రం చదవడానికి చేరేనాటికి ఇంగ్లీషు కవి జాన్ డన్‌కు సుమారు ఇరవై ఏళ్లు. ఊహించుకున్న దావాల మీద వాదించడం అక్కడి చదువులో భాగం. అతని తొలి పాఠకుల్లో తోటి విద్యార్థులూ ఉన్నారు. కవితలు అచ్చు కాలేదు. చేత్తో రాసుకున్న కాగితాలుగా చేతులు మారేవి. డన్, ఆయన ధోరణిలో రాసినవాళ్ల కవిత్వానికి తర్వాత 'మెటాఫిజికల్' అని పేరు పడింది. దానికి వాదించే గుణం ఈ వాతావరణంలోనే అబ్బిందని నా నమ్మకం.

అప్పటి ఇంగ్లీషు ప్రేమకవిత్వం చాలావరకు ఇటలీ కవి పెట్రార్క్ బాటలో నడిచేది. ప్రియురాలు అందని దేవత, ప్రియుడికి నిట్టూర్పులే గతి. డన్ ప్రియుడు మాత్రం వాదనకు దిగుతాడు. ఎదుటి మనిషిని కసురుతున్నట్టే ఒక్కో కవిత మొదలవుతుంది. తమనిద్దరినీ కుట్టిన చిన్న పురుగులో ఇద్దరి నెత్తురూ కలిసింది కాబట్టి పెళ్లయిపోయినట్టేనని ఒకచోట ప్రియురాలిని ఒప్పించబోతాడు. ఎడబాటు గురించి రాసిన మరో కవితలో ఇద్దరి ఆత్మలూ వృత్తలేఖిని కాళ్లు. ఒకటి నడుమ నిలిచి ఉంటుంది. రెండోది దూరం వెళ్లేకొద్దీ ఇది అటువైపు వంగుతుంది, అది తిరిగి రాగానే నిటారుగా లేస్తుంది. సంబంధమే లేదనిపించే రెండింటిని ఇలా కలిపి, ఆ పోలికను తర్కంతో చివరిదాకా నడిపించడాన్ని 'కన్సీట్' అంటారు. గణితం పెట్టెలోని ఆ పనిముట్టు చదివేవాళ్ల గుండెను తాకడం నాకు ఇప్పటికీ అద్భుతంగానే ఉంటుంది.

1601లో ఆన్ మోర్‌ను రహస్యంగా పెళ్లాడినందుకు డన్ ఉద్యోగం పోయింది, కొన్నాళ్లు జైలూ తప్పలేదు. కాథలిక్ కుటుంబంలో పుట్టినవాడు 1615లో ఆంగ్లికన్ మతగురువయ్యాడు. 1621లో సెయింట్ పాల్స్ కెథడ్రల్‌కు డీన్. భక్తి కవితల్లోనూ ఆ పాత గొంతు పోలేదు. దేవుణ్ణి వేడుకుంటూనే నిలదీస్తాడు.

1631లో డన్ చనిపోయాడు. కవితల పుస్తకం 1633లో వచ్చింది. అదే ఏడాది కన్నుమూసిన మరో మెటాఫిజికల్ కవి జార్జ్ హెర్బర్ట్ 'ది టెంపుల్' కూడా ఆ ఏడాదే అచ్చయింది. ఇదే కోవకు చెందిన ఆండ్రూ మార్వెల్ కవితల సంపుటీ అతని మరణానంతరం, 1681లో వచ్చిందే. తామంతా ఒక కవుల బృందమని వీళ్లెవరూ ప్రకటించుకోలేదు.

'మెటాఫిజికల్' అన్న పేరు మందలింపుగా వచ్చింది. ప్రేమకవితల్లోకీ డన్ తత్వశాస్త్రం తెస్తాడని 1693లో కవి డ్రైడెన్ తప్పుపట్టాడు. 1779లో వీళ్లలో ఒకడైన కవి కౌలీ జీవితం రాస్తూ విమర్శకుడు శామ్యూల్ జాన్సన్ ఆ ముద్రను ఈ కవులందరికీ వేశాడు: పొసగని భావాలను బలవంతాన ముడిపెడతారని ఆయన ఫిర్యాదు. లక్షణాన్ని జాన్సన్ సరిగ్గానే పట్టుకున్నాడు. దాన్ని దోషంగా లెక్కకట్టడంతోనే నాకు పేచీ. ఆ బలవంతం లేకపోతే వృత్తలేఖిని కవిత లేదు.

1921లో హెర్బర్ట్ గ్రియర్సన్ వీళ్ల కవితలతో ఒక సంకలనం తెచ్చాడు. దాన్ని సమీక్షిస్తూ కవి టి.ఎస్. ఎలియట్ జాన్సన్ ఫిర్యాదును తిరగేశాడు. వీళ్లలో ఆలోచన, అనుభూతి ఒకటిగానే ఉన్నాయని, ఆ కలయికను పోగొట్టుకున్నది తర్వాతి కవులేనని వాదించాడు.