డిమ్మర్ స్విచ్ (సీలింగ్ లైట్లకు)
ఫాల్స్ సీలింగ్‌లో బిగించిన పలు లైట్ల వెలుగును ఒకేచోటి నుంచి పెంచి తగ్గించే సాధనం. ఫేజ్ వైరు డిమ్మర్ గుండా లైట్లకు చేరుతుంది, న్యూట్రల్ నేరుగా వస్తుంది. లైట్లన్నీ సమాంతరంగానే కలపాలి. సిరీస్‌లో కలిపితే 230 వోల్టులు వాటి మధ్య పంచుకుపోతాయి. 50 హెర్ట్జ్ సరఫరాలో సెకనుకు 100 అర్ధచక్రాలు. మామూలు డిమ్మర్‌లోని ట్రయాక్ అనే ఎలక్ట్రానిక్ స్విచ్ ప్రతి అర్ధచక్రంలో కొంత భాగాన్ని కోసేస్తుంది. ఫిలమెంట్ బల్బులకు ఈ పద్ధతి చక్కగా నప్పేది. అసలు చిక్కు ఎల్‌ఈడీలతోనే. వాటికి కరెంటు అందించే డ్రైవర్ డిమ్మబుల్ రకం కాకుంటే లైట్లు మినుకుమంటాయి, పాడైపోనూవచ్చు. పైగా 6 వాట్ల లైట్లు ఎనిమిది కలిపినా 48 వాట్లే. డిమ్మర్‌కు కావలసిన కనీస లోడు అంతకుమించితే వెలుగు నిలకడగా ఉండదు. ఎల్‌ఈడీలకు సాధారణంగా అర్ధచక్రం చివరి భాగాన్ని కోసే ట్రెయిలింగ్ ఎడ్జ్ డిమ్మరే మేలు. కొందరు ఫ్యాన్ రెగ్యులేటర్‌నే బిగించేస్తారు. అది ఇందుకు పనికొచ్చేది కాదు.